నవ్విన తర్వాత రెండో వాక్యం చదివారా?

మీ ప్రశ్నను ముందుగా ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే దానికి జవాబు మీరు దారిలో అన్నట్టుగా రాసిన ఒక చిన్న వివరం మీద ఆధారపడి ఉంది. మీరు నలుగురు మిత్రులు నారాయణగూడలో ఒకరి ఇంటి మేడ మీద ఆదివారం సాయంత్రాలు కూర్చుని క్రైస్తవ బిషప్పు అగస్టీన్ తన జీవితం గురించి రాసుకున్న ‘కన్ఫెషన్స్’ చదవడం మొదలుపెట్టారు. మీలో ఒకరిది సీఎస్ఐ చర్చికి వెళ్లే కుటుంబం, ఒకరు హేతువాది, ఒకరికి వేదాంతం మీద మక్కువ, మీరేమో ఏ గట్టునా లేనని రాశారు. ఎనిమిదో భాగంలో “నాకు బ్రహ్మచర్యాన్నీ నిగ్రహాన్నీ ప్రసాదించు, కానీ ఇప్పుడే కాదు” అనే ప్రార్థన రాగానే హేతువాది మిత్రుడు “అచ్చం నా డైటింగే, సోమవారం నుంచి మొదలు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఊపులోనే పాలపొడి గురించి ఇంకో మాట కూడా పడింది. తర్వాతి వారం నుంచి క్రైస్తవ మిత్రుడు రావడం మానేశాడు. మిగిలిన ముగ్గురూ ఇకపై హాస్యం వద్దని తీర్మానించుకున్నారు. ఇప్పుడు మీ కూటమి సంతాపసభలా నడుస్తోంది. ఇలాంటి గ్రంథాల దగ్గర నవ్వడం తప్పా, కాకపోతే హద్దు ఎక్కడ, ఆ మిత్రుణ్ణి ఎలా పిలవాలి, ఇక ముందు ఏం చదవాలి అన్నవి మీ ప్రశ్నలు.

నేను కళాశాలలో తత్వశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. సికింద్రాబాదులో మా చదువరుల కూటమి చాలా ఏళ్లుగా సాగుతోంది. అందులో విశ్రాంత పాస్టరు గారొకరు, లెక్కల మాస్టారొకరు, బ్యాంకు ఉద్యోగి అయిన ముస్లిం మిత్రుడొకరు, దేవుడి మాటెత్తితే చిరాకుపడే వైద్యురాలొకరు ఉన్నారు. ఆ అనుభవంతో చెబుతున్నాను, హాస్యాన్ని నిషేధించాలన్న మీ తీర్మానాన్ని ఈ ఆదివారమే రద్దు చేయండి.

డైటింగు మాటలో నాకు దోషమేమీ కనబడలేదు. క్రీ.శ. 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తెలో పుట్టి, యౌవనమంతా పేరు ప్రతిష్ఠల వెంటా సుఖాల వెంటా పరుగెత్తి, 386లో మిలాను నగరపు తోటలో మనసు మార్చుకున్న మనిషి, బిషప్పు అయిన తర్వాత, నలభై దాటిన వయసులో తన కుర్రతనపు ప్రార్థనను తానే బయటపెట్టుకుంటున్నాడు. బిషప్పు గారు లోకం ముందు తన పరువు తానే తీసుకుంటున్నప్పుడు పాఠకుడు బిగుసుకుని కూర్చుంటే ఆయన శ్రమ వృథా అయినట్టే. అయితే నవ్విన తర్వాత ఏం చేశారో మీరు రాయలేదు. ఆ వెంటనే ఉన్న వాక్యం చదివారా? నువ్వు నా మొర ఎక్కడ తొందరగా ఆలకిస్తావో, ఈ కామమనే జబ్బును ఎక్కడ తొందరగా నయం చేసేస్తావో అని భయపడ్డాను, అది ఆరిపోవడం కాదు, తీరడం నాకు కావలసింది అని ఆయన అక్కడ రాస్తున్నాడు. నవ్వు మొదటి వాక్యంలో ఉంది, వాత రెండో వాక్యంలో ఉంది. మొక్కు ఫలించదేమోనన్న భయం అందరికీ ఉండేదే; ఎక్కడ ఫలించి పోతుందోనన్న భయాన్ని కాగితం మీద పెట్టినవాళ్లు ఎంతమంది ఉంటారు?

మీ హేతువాది మిత్రుడి సోమవారంలో ఉన్నది కూడా సరిగ్గా ఆ భయమే. ఆ జోకును పట్టుకునే మీరు లోపలికి వెళ్లి ఉండవలసింది, ఎందుకంటే ఆ భాగమంతా దాని గురించే. మనసు చేతిని కదలమంటే అది ఆజ్ఞకూ పనికీ తేడా తెలియనంత వేగంగా కదులుతుంది, మనసు మనసునే ఆజ్ఞాపిస్తే మాత్రం అది వినదు, ఇదేమి విడ్డూరం అని అగస్టీన్ అక్కడ విస్తుపోతాడు. ఈ మాట దగ్గర మీ వేదాంత మిత్రుడు ఊరుకుంటాడా? దుర్యోధనుడి నోట మనవాళ్లు చెప్పించిన ‘జానామి ధర్మం న చ మే ప్రవృత్తిః’ శ్లోకాన్ని వెంటనే అందుకుంటాడు. క్రైస్తవ మిత్రుడు ఉండి ఉంటే, బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక అనే లేఖ ఏడో అధ్యాయంలో పౌలు, చేయాలనుకున్న మేలు చేయలేక వద్దనుకున్న కీడే చేస్తున్నానని మొత్తుకున్న చోటు తీసి చూపించేవాడు. ఇంత సరుకు ఆ ఒక్క జోకు వెనక ఉండగా, మీరు గుమ్మం దగ్గరే నవ్వేసి వెనక్కు తిరిగారు. నా ఫిర్యాదు అంతవరకే.

హద్దు ఎక్కడ అన్నదానికి కూడా అదే పుస్తకం జవాబు చెబుతుంది. పదకొండో భాగంలో, దేవుడు భూమ్యాకాశాలను సృష్టించక ముందు ఏం చేస్తున్నాడు అన్న ప్రశ్న వస్తుంది. ఇలాంటి గూఢ విషయాల్లో తల దూర్చేవాళ్ల కోసం నరకాన్ని సిద్ధం చేస్తున్నాడని ఎవరో చమత్కరించారట. జోకు బాగుందని అగస్టీన్‌కూ తెలుసు, తెలియకపోతే దాన్ని పుస్తకంలోకి ఎక్కించడు. కానీ నేను ఆ జవాబు చెప్పను అంటాడు. అది ప్రశ్న బరువును తప్పించుకోవడానికి వేసిన పరిహాసమనీ, లోతైన సంగతి అడిగినవాణ్ణి నవ్వులపాలు చేసి దారి తప్పిన జవాబుకు మెప్పు సంపాదించుకోవడం కన్నా తెలియనిదాన్ని తెలియదనడమే నయమనీ ఆయన ఉద్దేశం. ఆ తర్వాత కొన్ని పేజీలకే, కాలమంటే ఏమిటో ఎవరూ అడగనంతవరకు నాకు తెలుసు, అడిగినవాడికి వివరించబోతే తెలియదు అన్న ప్రసిద్ధమైన మాట వస్తుంది. పదహారు వందల ఏళ్లుగా తత్వవేత్తలు తిరిగి తిరిగి వచ్చి చేరే ఆ చర్చ, ఒక జోకును పక్కకు నెట్టడంతో మొదలైంది.

మా కూటమిలో మేము వాడే కొలబద్ద ఇక్కడి నుంచి తెచ్చుకున్నదే. జోకు పడిన తర్వాత పేజీలో ఉన్న ప్రశ్న ఇంకా తెరిచి ఉందా, మూతపడిందా అన్నది చూస్తాం. తెరిచి ఉంటే ఎంత మోటు జోకైనా ఫరవాలేదు. మూతపడితే, ఎంత నాజూకు జోకైనా ఎవరో ఒకరు “సరే, తర్వాతి వాక్యం” అంటారు. మర్యాద, అమర్యాదల లెక్క దీనికి పనికిరాదు. మర్యాదైన జోకులే ఎక్కువసార్లు తలుపు మూస్తాయని నా అనుమానం.

ఈ విషయం మీద ఇంకో ఇద్దరి సాక్ష్యం ఉంది. 1656, 57 సంవత్సరాల్లో ఫ్రెంచి తత్వవేత్త పాస్కల్ మారుపేరుతో, అచ్చువేసినవారి ఆచూకీ దొరకకుండా ‘ప్రొవిన్షియల్ లెటర్స్’ అనే ఉత్తరాల వరుస వెలువరించి, పాపాన్ని పాపం కాకుండా చేసిపెట్టే కొందరు జెసూట్ (ఒక కాథలిక్ మతగురువుల సంఘం) పండితుల తర్కాన్ని ఏకి పారేశాడు. ద్వంద్వయుద్ధం నిషిద్ధం కదా, మరి పిలుపు వచ్చినవాడు ఏం చేయాలి అంటే, యుద్ధానికి అనుకోకుండా షికారుకు అనుకుని ఆ మైదానానికి వెళ్లవచ్చు, అక్కడ ఎవరైనా మీద పడితే ఆత్మరక్షణ చేసుకోవచ్చు అని ఒక పండితుడు సెలవిచ్చాడని ఏడో ఉత్తరంలో చూపిస్తాడు. పవిత్ర విషయాలను ఎగతాళి చేస్తున్నావని నింద వచ్చినప్పుడు పదకొండో ఉత్తరంలో బదులిచ్చాడు. మతాన్ని చూసి నవ్వడం వేరు, మతాన్ని తమ విపరీతపు మాటలతో అపవిత్రం చేసేవాళ్లను చూసి నవ్వడం వేరు అన్నది ఆ బదులు సారాంశం. నవ్వేవాడు నిజమే చెప్పాలి, విచక్షణ చూపాలి, ఎదుటివారి పొరపాట్ల మీదే నవ్వాలి, పవిత్రమైనదాన్ని ముట్టకూడదు, ఎవరిని చూసి నవ్వుతున్నాడో వారి మేలు మనసులో కోరుకోవాలి అని షరతులు కూడా పెట్టాడు. చివరి షరతు దగ్గర మా వైద్యురాలు “అయితే నేను పనికిరాను” అని అట్టే దాచుకోకుండా ఒప్పుకున్నారు.

రెండోవారు ఇంగ్లీషులో రాసిన క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్. 1942లో పుస్తకంగా వచ్చిన ‘స్క్రూటేప్ లెటర్స్’లో ఒక సీనియరు దయ్యం తన మేనల్లుడికి మనుషులను చెడగొట్టే విద్య ఉత్తరాల ద్వారా నేర్పుతుంది. నవ్వులో నాలుగు రకాలున్నాయనీ, ఆనందమూ సరదా మన పనికి అడ్డు వస్తాయనీ, అసలు జోకు కొంత ఉపయోగపడుతుందనీ, అన్నింటికన్నా మేలైనది చులకనతనమనీ ఆ దయ్యం బోధ. చులకనగా మాట్లాడేవాళ్ల మధ్య ఎవరూ నిజంగా జోకు వేయరు, వేసేసినట్టే అందరూ నటిస్తారు. గంభీరమైన విషయం పేరెత్తగానే అందులో నవ్వవలసింది ఎప్పుడో కనిపెట్టేశామన్న ముఖం పెడతారు. హైదరాబాదులో ఏ ఇరానీ హోటల్లో, ఏ సాహిత్య సభ వెనక వరుసలో కూర్చున్నా ఈ నాలుగో రకం నవ్వు మీకు వినబడుతుంది. అన్నట్టు, లూయిస్ ఈ సంగతి రాసినది కూడా పదకొండో ఉత్తరంలోనే. అగస్టీన్ పదకొండో భాగం, పాస్కల్ పదకొండో ఉత్తరం, ఇది మూడోది. కాకతాళీయమేనని మా లెక్కల మాస్టారు చెబుతున్నా పాస్టరు గారు నమ్మడం లేదు.

ఇక మీరు ఒక్క ముక్కలో దాటేసిన పాలపొడి మాటకు వస్తాను. మీ మిత్రుడు నొచ్చుకున్నది డైటింగు జోకుకు కాదని నేను దాదాపు గట్టిగా నమ్ముతున్నాను. పాలపొడికీ గోధుమపిండికీ ఆశపడి మతం మారారన్న ఎత్తిపొడుపు మన తెలుగు ఊళ్లలో దళిత క్రైస్తవులు తరాలుగా పడుతున్నది. అందులో అగస్టీన్ లేడు, పుస్తకం లేదు, ప్రశ్న లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి తాతల ఆకలి మాత్రమే ఉంది. దాన్ని హాస్యమంటే తగువా తగదా అని చర్చించవలసిన పని కూడా లేదు, అది అసలు ఆ కోవలోకే రాదు. పుస్తకం మీద, రచయిత మీద, సిద్ధాంతం మీద, ఇంకా బాగుంటే తన మీద తాను ఎవరైనా ఎంతైనా నవ్వవచ్చు. పుట్టుక మీద పడే మాటను కొలబద్ద దాకా తేవడం కూడా అనవసరం.

కాబట్టి ఆ మాట అన్న మిత్రుడు ఒక్కడే ఆయన ఇంటికి వెళ్లాలి. ముగ్గురూ కలిసి వెళితే అది రాజీ పంచాయితీ అవుతుంది, ఆ పెద్దమనిషి మొహమాటానికి సరేనంటాడు, లోపలి ముల్లు అక్కడే ఉంటుంది. “సరదాకి అన్నాను” అన్న వివరణ ఒద్దు. తప్పుగా మాట్లాడానని చెప్పి, టీ ఇస్తే తాగి, రావలసిందిగా అడిగి వచ్చేయాలి. ఆయన తిరిగి వస్తే మొదటి కూటమికి ఏం చదవాలో ఆయననే నిర్ణయించనివ్వండి. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక సూచన ఉంది, జాషువా ‘గబ్బిలం’. 1941 నాటి ఆ కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టే అర్హత లేని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని కాశీ విశ్వనాథుడి దగ్గరికి రాయబారం పంపుతాడు. నువ్వు వేలాడేచోట శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని వేళ చూసి నా కథ చెప్పు అంటాడు. పూజారి లేని వేళ అన్న ఆ జాగ్రత్తలో ఎంత నవ్వు ఉందో, ఆ నవ్వు ఎవరి మీద పడుతుందో మీ కూటమిలో ప్రతి ఒక్కరూ బిగ్గరగా చదివి తేల్చుకోవలసిన విషయం. 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్న కవి శివుడి చెవి కోసం వెతకడం మీ వేదాంత మిత్రుడికీ క్రైస్తవ మిత్రుడికీ కలిసి కూర్చోవడానికి మంచి సాకు.

మా దగ్గర ఇంకో ఆనవాయితీ ఉంది, ఎవరి ఇంటి నవ్వు వాళ్లే ముందు మొదలుపెట్టాలి. మా పాస్టరు గారు దీన్ని ప్రారంభించిన తీరు చెబుతాను. బైబిల్లోని అపొస్తలుల కార్యములు ఇరవయ్యో అధ్యాయం ఆయనే తెచ్చి చదివారు. త్రోయలో పౌలు మేడగదిలో అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే, ఐతుకు అనే కుర్రవాడు కిటికీలో కూర్చుని జోగి, మూడో అంతస్తు నుంచి కింద పడి చనిపోతాడు. పౌలు దిగి వచ్చి అతణ్ణి బతికించి, మళ్లీ పైకెక్కి తెల్లవారేదాకా మాట్లాడుతూనే ఉంటాడు. పాస్టరు గారు కళ్లజోడు తీసి, “నా ప్రసంగాల్లో నిద్రపోయినవాళ్లు లెక్కలేనంత మంది, కానీ మా చర్చి కట్టినవారి పుణ్యమా అని అది నేల మీదే ఉంది” అన్నారు. నవ్వులు ఇంకా ఆగకముందే వైద్యురాలు పుస్తకం తన వైపు తిప్పుకుని, ముందు వాక్యంలో ఆ గదిలో చాలా దీపాలు ఉన్నాయని ఎందుకు రాశారు అని అడిగారు. జనంతో కిక్కిరిసిన గది, నూనె దీపాల పొగ, కాస్త గాలి కోసం కిటికీ ఎక్కిన కుర్రవాడు. ఈ పుస్తకం రాసినది లూకా అనీ ఆయన వైద్యుడనీ సంప్రదాయం చెబుతుందని పాస్టరు గారు అన్నారు. “అయితే కేసు హిస్టరీ సరిగానే రాశాడు” అని దేవుడంటే పడని ఆవిడ మెచ్చుకున్నారు. తెరిచే జోకు అని నేను అంటున్నది దీన్నే.

క్రైస్తవ వాఙ్మయంలో ఇలాంటి చోట్లు కొల్లలుగా ఉన్నాయి. బైబిల్లో బయలు అనే దేవుడి ప్రవక్తలు ఆ దేవుణ్ణి పిలిచి పిలిచి అలసిపోతుంటే, నిద్రపోతున్నాడేమో, ప్రయాణంలో ఉన్నాడేమో, ఇంకా గట్టిగా అరవండి అని ఏలీయా ప్రవక్త వెక్కిరిస్తాడు. తనను ఓదార్చవచ్చి ఉపన్యాసాలు దంచుతున్న మిత్రులతో యోబు, లోకంలో జనులంటే మీరే, మీతోనే జ్ఞానం గతించిపోతుంది అంటాడు. ఆ మిత్రులు మొదటి ఏడు రోజులూ నేల మీద కూర్చుని నోరు మెదపలేదన్న సంగతిని చర్చాకూటములు నడిపేవాళ్లంతా గుర్తుంచుకోవాలి. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. ఇటలీ కవి డాంటే అయితే ‘డివైన్ కామెడీ’లోని నరకంలో, చర్చి పదవులు అమ్ముకున్న పోప్‌లను రాతి గుంతల్లో తలకిందులుగా పాతి అరికాళ్లకు నిప్పు పెట్టాడు. అక్కడున్న పోప్ మూడో నికొలస్, తనను పలకరించిన డాంటే గొంతు విని “అప్పుడే వచ్చేశావా బోనిఫేస్?” అంటాడు. కథ జరిగే 1300 నాటికి పోప్ ఎనిమిదో బోనిఫేస్ బతికే ఉన్నాడు, చనిపోయింది 1303లో; అంటే కవి ముందుగానే సీటు రిజర్వు చేశాడన్నమాట. ఇంత చేసి కూడా, ఆ పదవి మీది గౌరవం అడ్డు రాకపోతే ఇంతకన్నా కఠినంగా మాట్లాడేవాణ్ణని డాంటే అక్కడే అంటాడు. మీ హేతువాది మిత్రుడికి ఈ సర్గ తప్పకుండా ఇవ్వండి, తాను వేయదలచిన జోకులన్నీ ఒక గాఢ విశ్వాసి ఏడు వందల ఏళ్ల కిందటే వేసేశాడని తెలిస్తే కొంత నెమ్మదిస్తాడు.

విశ్వాసి వైపు నుంచి జోకును ఎలా అందుకోవాలన్నదానికి రష్యన్ నవలాకారుడు దోస్తయెవ్‌స్కీని మించిన గురువు లేడు. ‘కరమజోవ్ సోదరులు’ మొదట్లోనే, మఠంలో చేరతానన్న కొడుకు అల్యోషాతో తాగుబోతు తండ్రి ఫ్యోదర్ వేళాకోళం మొదలుపెడతాడు. దయ్యాలు నన్ను కొక్కేలతో నరకంలోకి లాగుతాయంటారు, ఆ కొక్కేలు ఎక్కడివి, ఇనుపవా, అక్కడ ఫ్యాక్టరీ ఏమైనా ఉందా, నరకానికి పైకప్పు ఉందా లేదా అని వరుసగా అడుగుతాడు. వినడానికి చులకనతనమే. కానీ తన మాటల జోరులోనే ముసలాడు ఒక చోట చిక్కుకుంటాడు. కొక్కేలు లేకపోతే నన్నెవరు లాగుతారు, నన్ను లాగకపోతే లోకంలో న్యాయం ఎక్కడుంది, నా ఒక్కడి కోసమైనా వాటిని తయారు చేయాలి అంటాడు. అల్యోషా ముఖం ముడుచుకోలేదు, పకపకా నవ్వనూ లేదు. తండ్రి వైపు చూసి మెల్లగా, గంభీరంగా, అక్కడ కొక్కేలు లేవు అని మాత్రం అన్నాడు. ఒక విదూషకుడి జోకులో దాక్కున్న ప్రశ్న విని, దానికి మాత్రమే జవాబు చెప్పిన ఆ కుర్రవాణ్ణి మా పాస్టరు గారు తన ఉద్యోగ జీవితమంతా అనుకరించబోయి కుదరలేదని చెప్పుకుంటారు.

చదివే వరుస గురించి అడిగారు కనుక చెబుతాను. ‘గబ్బిలం’ తర్వాత బైబిల్లోని యోనా గ్రంథం తీసుకోండి, నాలుగే అధ్యాయాలు, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. నీనెవె నాశనం కాలేదని అలిగి, సొరచెట్టు ఎండిపోయిందని చావు కోరుకున్న ప్రవక్తను, లక్షా ఇరవై వేల పైచిలుకు మనుషులూ బోలెడన్ని పశువులూ ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా అని దేవుడు అడగడంతో ఆ గ్రంథం ఆగిపోతుంది; యోనా ఏం బదులు చెప్పాడో రాయలేదు, అది మీరు మాట్లాడుకోవలసింది. తర్వాత ‘కన్ఫెషన్స్’ ఎనిమిదో భాగానికి మళ్లీ వెళ్లండి, ఆపై పదకొండు. పాస్కల్ ఉత్తరాల్లో ఏడు, పదకొండు చాలు. ‘కరమజోవ్’ను మాత్రం మొదటి పేజీ నుంచి చదవాలి, చాలామంది తిన్నగా అందులోని మహా విచారణాధికారి ఘట్టానికి దూకుతారు, కొక్కేల తండ్రిని దాటేసి వచ్చినవాళ్లకు ఆ ఘట్టం వట్టి ఉపన్యాసంలా వినిపిస్తుంది. డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్‌ను ఇప్పట్లో ముట్టవద్దు. ఆయన 1843 నాటి పుస్తకంలో, నాటకశాల వెనక నిప్పంటుకుందని హెచ్చరించడానికి వచ్చిన విదూషకుణ్ణి చూసి జనం చప్పట్లు కొట్టే చిన్న కథ ఒకటుంది, దాన్ని మాత్రం విడిగా ఎప్పుడైనా చదువుకోండి, ముఖ్యంగా అందరూ మరీ హుషారుగా ఉన్న రోజున.

ప్రతుల సంగతి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు కనబడతాయి, కానీ ఒకే అనువాదం నాలుగు ప్రతులు దొరకడం కల్ల. అందువల్ల పేజీ సంఖ్యలతో కుస్తీ పడకుండా భాగం, అధ్యాయం సంఖ్యలతోనే చెప్పుకోండి. ఇంగ్లీషులో ఒకరు చదువుతుంటే ఇంకొకరు అక్కడికక్కడే తెలుగులో చెప్పుకుంటూ పోవాలి, ఆ రెండో పని వారం వారం మారాలి. యోనా చదివే వారం ఆ పని హేతువాది మిత్రుడికే అప్పగించండి. యోనా మాటలను తన నోటితో తెలుగులో పలకవలసి వచ్చినవాడికి మధ్యలో జోకు వేయడానికి తీరిక ఉండదు, వేస్తే అది తప్పకుండా పుస్తకంలోంచే వస్తుంది.